నేల తాగని నీళ్ళు

కోళ్ళగూడు తలుపు తీసి, ఒక్కోదాన్నీ పేరుపేరునా తిట్టి బయటికి తోలడంతో వదినకు తెల్లవారుతుంది. ఆ రోజూ అలాగే తెల్లవారింది. సోమరిదాన్ని సోమరని, దొంగదాన్ని దొంగని అనేశాక ఇక మాట్లాడటానికి ఎవరూ మిగల్లేదు. అప్పుడు ఫోను మోగింది. ఏదో కంపెనీవాళ్ళు రికార్డు చేసి పెట్టిన గొంతు, కొత్త ప్లాను గురించి. ఇంకొకరైతే మొదటి మాటకే పెట్టేసేవారు. వదిన టీ పొంగకుండా ఒక కన్నేసి ఉంచి, ఆ గొంతు చెప్పేదంతా చివరిదాకా విన్నది. "సరేనమ్మా, ఉంటాను" అని చెప్పి మరీ పెట్టేసింది.

వదిన అన్నది ఆమె పేరు కాదు. మొదట భర్త స్నేహితులు అలా పిలిచారు. వాళ్ళను చూసి పాలవాడూ, మీటరు రీడింగు తీసుకునేవాడూ, చివరికి ఆమె కన్నా వయసులో పెద్దవాళ్ళూ అదే పట్టుకున్నారు. పిల్లల్లేని ఇల్లయినా, ఆయనున్నంత కాలం ఆ పిలుపు గుమ్మంలో వినపడుతూనే ఉండేది. ఆయన పోయాక పిలుపు మిగిలింది గానీ పిలిచేవాళ్ళు పలచబడిపోయారు. మనిషి లేని ఇంటికి పనిగట్టుకుని ఎవరొస్తారు?

అయితే ఆ రోజు మనుషులు రానున్నారు. ఆడపడుచు, ఆమె భర్త, వాళ్ళతో పాటు నేల చూసే మేడం.

ఆడపడుచును చిన్నప్పటి నుంచీ చిట్టి అనే పిలుస్తారు. ఇప్పుడామెకు మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి గానీ ముద్దుపేరు మాత్రం వదల్లేదు. వదిన ఇల్లు ఉన్న పొలం అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఉమ్మడిగా వచ్చింది. తన భర్త రైల్వేలో సిగ్నళ్ళ పని చూసి రిటైరయ్యాక, ఒకరోజు చిట్టి ఫోన్ చేసి, పొలంలో చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోదామనుకుంటున్నాం, నువ్వేమంటావు వదినా అని అడిగింది.

ఆ మాట వినగానే వదిన గోడకు ఆనుకుంది. ఎవరికైనా ఇంతకంటే మంచి కబురు ఏముంటుంది? కానీ ఆమె నోటికి ఒక జబ్బుంది. లోపల సంతోషం కలిగితే చాలు, కొత్త మనిషిని చూసిన కుక్కలా ముందు అది మొరుగుతుంది.

"నన్నడిగేదేముంది, మీ ఇష్టం" అన్నది.

అయితే కింద మూలన కట్టుకుంటాంలే అని చెప్పి చిట్టి పెట్టేసింది.

పొలం వాలుగా ఉంటుంది. పై అంచున వదిన ఇల్లు. కింద, రోడ్డు వైపు కంచె దగ్గర ఆ మూల. దానికి దిగువనే బావి. వదిన బయటికొచ్చి మెట్ల మీద నిలబడి ఆ దూరాన్ని కళ్ళతో కొలిచింది. ఇక్కణ్ణుంచి గొంతు చించుకున్నా అక్కడికి వినపడదు. నాతో పొయ్యి పక్కన పొయ్యి పెట్టడం ఇష్టం లేకే అంత దూరం పోయింది అనుకుంది. సరే, మాట వినపడకపోయినా లైటు కనపడుతుంది కదా అని సర్దిచెప్పుకుంది. ఆ లైటు వెలిగే చోటు ఎక్కడుంటుందో చూసుకోవడం అప్పట్నుంచీ ఆమెకు అలవాటైంది.

అదీ ఖాయం కాలేదు. ఇల్లు కట్టాలంటే నేల పరీక్ష చేయించి పంచాయతీ ఆఫీసులో చూపించాలట. వాడిన నీళ్ళు ఎటు పోతాయి, బావి చెడుతుందా లేదా తేలాలట. ఇది కుదరకపోతే, చిట్టి మరిది ఉంటున్న అపార్టుమెంటులో కింది ఫ్లాటు ఖాళీగా ఉంది, ఈ వారంలోనే చెప్పాలి. చిట్టి భర్త మనసు సగం ఆ ఫ్లాటు మీదే ఉంది. ఈ సంగతి వదినకు తెలుసు.

పొద్దెక్కేసరికి ముగ్గురితో కారు వచ్చింది. చుట్టుపక్కల అందరూ గుంటల మేడం అని పిలిచే ఆవిడ ముందు దిగింది. బురద మరకల బూట్లు, ఎండకు కమిలిన మొహం. నేలను తొలిచే మనిషెత్తు ఇనుప బరమాను భుజాన వేసుకుని తిన్నగా కింద మూలకు నడిచింది. బరమాను తిప్పుతూ లోపలికి దింపి, పైకి లాగినప్పుడల్లా అందులో ఇరుక్కున్న మట్టిని ప్లాస్టిక్ పట్టా మీద వరుసగా పేర్చింది. పైమట్టి గోధుమరంగులో పొడిపొడిగా ఉంది. లోతుకు వెళ్ళేకొద్దీ నల్లబడి, ముద్దగా వచ్చింది. కాస్త తడిచేసి అరచేతుల మధ్య రుద్దితే సన్నటి తాడులా సాగింది, తెగలేదు. మేడం ఆ తాడును వేలికి చుట్టి చూసి పెదవి విరిచింది. బావి దగ్గరికెళ్ళి, బరువు కట్టిన టేపును దింపి నీటిమట్టం చూసుకుంది. సీసాలో నీళ్ళు పట్టి మూత బిగించింది. ఆ తర్వాత మూలలో మోకాలి లోతు గుంటలు తవ్వింది.

సాయంత్రం దాకా ఈ గుంటలు నిండుగా ఉండేలా నీళ్ళు పోస్తూ ఉండాలి, రేపు పొద్దున వచ్చి చూస్తాను అని చెప్పి, ఆ పని చేసేవాళ్ళెవరని చుట్టూ చూసింది. వదిన తనే పోస్తానన్నది. పోస్తే ఏం చూస్తారని అడిగింది.

"నేల నీళ్ళు తాగుతుందో లేదో చూస్తామమ్మా. తాగితేనే ఇల్లు. తాగకపోతే వాడిన నీళ్ళు పోయే దారి ఉండదు."

అంతలో ఆవిడకు ఇంకో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. చెప్పాల్సిన మిగతా సగం ఆ ఫోన్లో కొట్టుకుపోయింది.

చిట్టీవాళ్ళు రాత్రికి ఎక్కడుండాలన్న మాట వచ్చినప్పుడు కూడా వదిన నోరు ఊరుకోలేదు. "మీ ఇష్టం. గది అయితే దులిపే ఉంది" అన్నది. అన్నం దగ్గర్నుంచి దుప్పట్ల దాకా అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్న మనిషి ఆమె. చిట్టి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. టౌన్లో లాడ్జి ఉందిలే అని భర్త అంటే, సరేనని కారెక్కింది.

ఆ మధ్యాహ్నమంతా వదిన బావికీ గుంటలకూ మధ్య తిరుగుతూనే ఉంది. బకెట్టు మోసి మోసి భుజం పీకుతోంది. అయినా గుంటలో నీళ్ళు కాస్త దిగితే చాలు, మళ్ళీ నింపింది. "తాగండమ్మా, మొహమాటపడకండి" అని వాటితో అన్నది కూడా. చీకటి పడుతుండగా చివరి బకెట్టు పోసి, మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూసింది. నీళ్ళ మీద ఆకాశం కాస్త మిగిలి ఉంది.

మర్నాడు తెలతెలవారుతుండగా కోళ్ళ సంగతి కూడా చూడకుండా కిందికి దిగింది. గుంటలు రాత్రి వదిలినట్టే నిండుగా ఉన్నాయి. ఒకదాంట్లో నల్ల పురుగు అంచు నుంచి అంచుకు ఈదుతోంది. వదిన వంగి చూసింది. పక్క గుంట చూసింది. నేల ఒక్క గుక్క కూడా తాగినట్టు లేదు. ఇంకాసేపట్లో ఆ మేడం వచ్చి చూస్తుంది, తల అడ్డంగా ఊపుతుంది. కారు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుంది. ఆ మూలలో ఏ లైటూ వెలగదు.

ఆమె గబగబా ఇంటికెళ్ళి మగ్గు, బకెట్టు, పాత తువ్వాలు తెచ్చుకుంది. గుంటల పక్కన కూర్చుని నీళ్ళు తోడి కంచె అవతల పారబోసింది. అడుగున మిగిలిన చెమ్మను తువ్వాలుతో ఒత్తి, పిండి, మళ్ళీ ఒత్తింది. పురుగును పుల్లతో ఎత్తి గడ్డిలో వదిలింది. లేచి నడుం పట్టుకుని చూసుకుంటే, గుంటలన్నీ ఎవరో ఆబగా తాగేసి మూతి తుడుచుకున్నట్టు ఖాళీగా కనపడ్డాయి. చాలాకాలం తర్వాత ఒక పని చక్కగా చేశాననిపించింది ఆమెకు.

చిట్టీవాళ్ళతో పాటు మేడం వచ్చి మొదటి గుంట దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత మిగిలినవీ చూసింది. నిన్న తాడులా సాగిన మట్టిని సంచిలోంచి తీసి మళ్ళీ వేళ్ళ మధ్య నలిపింది.

"వింతగా ఉందే" అన్నది. "ఇంత జిగట మట్టిలో నీళ్ళు ఇలా మాయమయ్యాయంటే, లోపల ఎక్కడో పగుళ్ళో, ఎలుక దారులో ఉండి ఉంటాయి. బావేమో పక్కనే ఉంది. ఇక్కడ వదిలిన మురికి తిన్నగా అందులోకే పోతుంది. ఇలాగైతే ఇల్లు కుదరదండీ."

వదినకు ఒక క్షణం ఆ మాటలు అర్థం కాలేదు. "తాగితే ఇల్లు అన్నారుగా" అన్నది.

"మెల్లగా తాగాలమ్మా, పసిపిల్లకు పాలు పట్టినట్టు. ఇలా గటగటా లాగేస్తే అది తాగడం కాదు, జారిపోవడం."

సరే, ఇంకోసారి నీళ్ళు పోసి కళ్ళ ముందే కొలుద్దాం, ఒక బకెట్టు తీసుకురండి అన్నది మేడం. చిట్టి కదిలింది. వదిన తెస్తానంటున్నా వినకుండా కంచె వైపు నడిచింది. అక్కడ బకెట్టు ఉంది. దాని అడుగున నల్ల బురద. పక్కన మగ్గు, బురదతో గట్టిపడిన తువ్వాలు. కంచె అవతల ఎండ నేలలో ఇంకా ఇంకని నీటి మడుగు. చిట్టి తువ్వాలును రెండు వేళ్ళతో పట్టుకుని వెనక్కి వచ్చింది.

"ఇదేంటి వదినా?"

వదిన బురద చేతులు వెనక్కి పెట్టుకుంది.

చిట్టి గొంతు పెంచలేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. మొదటి రోజు ఫోన్లో మీ ఇష్టం అన్నప్పుడే తనకు అర్థమైందన్నది. ఆ మాటకు అర్థం తెలియని కుటుంబంలో పుట్టలేదు తను. నిన్న రాత్రి ఉండమని ఒక్క మాట అనలేకపోయావు. సరే, ఇల్లు వేరే కట్టుకుంటాం కదా, నీ జోలికి రాం కదా అని సరిపెట్టుకున్నానన్నది.

"ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా. ఇలా దొంగచాటుగా పరీక్ష చెడగొట్టడం దేనికి? మా అన్నయ్య ఉంటే ఇలా జరగనిచ్చేవాడా?"

"మీ అన్నయ్య ఉంటే నువ్వు వెళ్ళి వెళ్ళి ఈ కంచె పక్కన కడతాననేదానివా?"

అంటుండగానే వదినకు తెలిసింది, నోరు మళ్ళీ మొరిగిందని. చిట్టి మొహం పాలిపోయింది. భర్త ముందుకొచ్చి, ఇక చాల్లే పద అన్నాడు. ఫ్లాటు వాళ్ళకు ఇప్పుడే చెప్పేస్తానని జేబులోంచి ఫోను తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి తమ్ముడి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.

మేడం అందరికన్నా వదిననే ఎక్కువగా చూస్తోంది. ఆవిడకు కుటుంబాల గొడవలు కొత్త కాదు. గుంట తవ్విన ప్రతిచోటా నీళ్ళ కన్నా ముందు అవే పైకొస్తాయి.

"అమ్మా, నేను రాసేది తప్పు కాకూడదు. అందుకే అడుగుతున్నాను. ఆ నీళ్ళు నేల తాగిందా, మీరు తోడారా?"

తోడలేదంటే గుంటలు చెడ్డవవుతాయి. తోడానంటే తను చెడ్డదవుతుంది. ఎటుచూసినా వాళ్ళు వెళ్ళిపోయేలాగే ఉన్నారు. చిట్టి భర్త ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల రింగవుతున్న చప్పుడు వదిన దాకా వినపడింది.

"తోడాను."

"ఎందుకు?" అన్నది మేడం.

ఏదైనా ఎత్తిపొడుపు దొరుకుతుందేమోనని వదిన నోరు వెతుక్కుంది. దొరకలేదు.

"తాగకపోతే ఇల్లు కుదరదన్నారుగా. పొద్దున్నే వచ్చి చూస్తే నిండా ఉన్నాయి. అలాగే ఉంటే మీరొచ్చి కుదరదంటారు. అందుకని తోడి పారేశాను. తాగినట్టు కనపడుతుంది కదా అని."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు అర్థమైంది మేడంకు. ఆవిడ పనిముట్ల పెట్టె మీద కూర్చుండిపోయింది. చిట్టి చేతిలో తువ్వాలు అలాగే ఉంది. భర్త ఫోన్లో తమ్ముడి గొంతు హలో హలో అంటుంటే, తర్వాత చేస్తానురా అని చెప్పి పెట్టేశాడు.

"మేం రావాలనా?" అన్నది చిట్టి. "మేం ఇక్కడికి రావాలని చేశావా ఇదంతా?"

నాలుక చివర మీ ఇష్టం అన్న మాట సిద్ధంగా ఉంది. వదిన దాన్ని మింగేసింది.

"అవునే. రావాలనే" అన్నది. తర్వాత ఇక ఆగలేదు. "పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా నా గొంతు నాకే వినపడదు చిట్టీ. నిన్న ఈవిడ గుంటల్లో నీళ్ళు పోయాలంటే పరిగెత్తుకుంటూ ఎందుకొచ్చానో తెలుసా? నన్ను ఎవరైనా ఒక పని అడిగి ఎన్నాళ్ళయిందని. ఒక్కదానికే వండుకునేదానికి ఉప్పు ఎక్కువైనా అనేవాళ్ళు లేరు, తక్కువైనా అనేవాళ్ళు లేరు."

చిట్టి తువ్వాలును కింద పడేసింది. వదిన దగ్గరికి వచ్చి, బురద పట్టిన ఆమె చేతులు పట్టుకుంది. ఏడుపు వచ్చినప్పుడు వదిన ఎప్పుడూ మొహం తిప్పుకునేది, ఈసారి తిప్పుకోవడానికి చిట్టి చోటివ్వలేదు.

కాసేపటికి చిట్టి భర్త గొంతు సవరించుకున్నాడు. "నా సర్వీసంతా సిగ్నళ్ళతోనే గడిచిందమ్మా. ఇలాంటిది ఎక్కడా చూడలేదు. ఇద్దరూ పచ్చలైటు లోపల దాచుకుని, ఎదుటివాళ్ళకు ఎర్రలైటు చూపిస్తూ నిలబడ్డారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు గానీ, వదినకు ముక్కు చీదుకోవడానికి వీలు దొరికింది.

పరీక్ష మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. ఈసారి బకెట్లు మోసినవాళ్ళు ముగ్గురు. లాడ్జి మాట ఎవరూ ఎత్తలేదు. దులిపి ఉంచిన గదిలోనే పడుకున్నారు. చిట్టి భర్త గురక గోడ దాటి వినపడుతుంటే, వదిన ఆ చప్పుడు వింటూ వింటూ నిద్రపోయింది. తెల్లారి తనే తలుపు తట్టి చిట్టిని లేపింది. ఇద్దరూ కలిసి కిందికి దిగారు.

నీళ్ళు నిండుగానే ఉన్నాయి. అంచు నుంచి వేలి మందం కూడా దిగలేదు. వదిన చెయ్యి అలవాటుగా నీళ్ళ వైపు కదలబోతే చిట్టి పట్టుకుని ఆపింది.

మేడం వచ్చి స్కేలు పెట్టి చూసి, కాసేపాగి మళ్ళీ చూసి, ఈ మూల పనికిరాదని చెప్పేసింది. పట్టా మీద ఎండుతున్న మట్టి పెళ్ళను విరిచి చూపించింది. నల్ల మట్టి మధ్యలో బూడిదరంగు మచ్చలు, వాటి చుట్టూ తుప్పు రంగు గీతలు. వానలప్పుడు నీళ్ళు ఇక్కడిదాకా ఎక్కి నిలబడిపోతాయి, ఆ ఆనవాళ్ళే ఇవి అన్నది. ఇక్కడ ఎంత పెద్ద గొయ్యి తవ్వినా వాడిన నీళ్ళు తిరిగి మొహం మీదికే వస్తాయి.

వదిన మెల్లగా గట్టు మీద కూర్చుంది. నిన్నంతా ఏడ్చింది దీనికోసమేనా అనిపించింది ఆమెకు.

మేడం బూటుకు అంటిన మట్టిని పుల్లతో గీక్కుంటూ, తనకొకటి అర్థం కాలేదన్నది. "పైన మీ ఇంటి పక్కన ఎర్ర గరుసు నేల కనపడుతోంది. వాలు ఉంది. బావికి దూరం. ఎవరైనా ముందు అక్కడే చూపిస్తారు. మీరేంటి, వెతికి వెతికి దీన్ని పట్టుకొచ్చారు? ఇంత పొలంలో నీళ్ళు నిలబడేది ఈ ఒక్క మూలే."

చిట్టి వదిన వైపు చూసింది. వదిన చిట్టి వైపు చూసింది.

"నీ కళ్ళ ముందు ఉంటే నీకు ఇబ్బందేమోనని..." అన్నది చిట్టి. "మీ ఇష్టం అన్నావుగా. అడ్డం కాకుండా ఉందామని, అన్నిటికన్నా దూరంగా ఉన్నది చూసుకున్నాను."

"నాకు దూరంగా ఉండాలని పోయావనుకున్నానే నేను."

మేడం బరమా ఎత్తి భుజాన వేసుకుంది. ఇంకేమీ అడగకుండా ఎగువకు నడిచింది.

వదిన వంటింటి కిటికీకి ఎదురుగా, చెయ్యి చాపితే అందుతుందా అన్నంత దగ్గరలో గుంటలు తవ్వారు. బరమా దిగుతుంటే రాయి తగిలినట్టు కరకరమని చప్పుడైంది. ఎర్రటి గరుసు రాలి పడింది. రుద్దితే తాడు కాలేదు, వేళ్ళ మధ్యనే విడిపోయింది. ఇది బాగానే ఉంటుందనిపిస్తోంది, అయినా రేపటిదాకా ఏమీ చెప్పను అన్నది మేడం. వెళ్తూ వెళ్తూ వదిన వైపు వేలు చూపించి, మగ్గు దాచిపెట్టండి అని చిట్టితో చెప్పింది. ఈసారి అందరూ నవ్వారు.

సాయంత్రానికి ఆఖరి బకెట్టు పోసి ఇద్దరూ మెట్ల మీద కూలబడ్డారు. చిట్టి మోకాళ్ళు నొక్కుకుంటోంది. లోపల ఆమె భర్త టీ పెడతానని వెళ్ళి, పంచదార ఏ డబ్బాలో ఉందని అడుగుతున్నాడు. ఈ ప్రశ్న ఆ వంటింట్లో ఎవరూ అడగక చాలా కాలమైంది. వదిన గొంతెత్తి చెప్పింది. కాదు, దాని పక్కది, అని మళ్ళీ చెప్పింది. గుంటల్లో నీళ్ళ మీదికి చిన్న చిన్న బుడగలు వచ్చి పగులుతున్నాయి. అది తాగడమో కాదో ఇద్దరికీ తెలియదు.

"వదినా, ఇక్కడ కూడా తాగకపోతే?" అన్నది చిట్టి.

వదిన నీళ్ళ వైపే చూస్తూ, ముందెప్పుడూ అలవాటు లేని మాట గనుక, నెమ్మదిగా కూడబలుక్కుని అన్నది.

"తాగకపోయినా ఉండు."